సామాన్ల చిట్టా

మా మేనకోడలికి ఉద్యోగం వచ్చింది. యూనివర్సిటీలో అసిస్టెంట్ ప్రొఫెసరు. ఉద్యోగంతో పాటు ఓ ఖాళీ గదీ, ఆ గది తాళం చెవీ, ల్యాబు పెట్టుకోవడానికి కాస్త గ్రాంటూ ఇచ్చారట. సంక్రాంతికి వచ్చినప్పుడు అరిసె కొరుకుతూ, "అత్తయ్యా! ల్యాబుకు కావలసిన సామాన్ల లిస్టు రాశాను. ఒక్కసారి చూసిపెట్టవూ?" అంది.

నేను నోరు విప్పేలోగానే మావారు పేపరు దించి, "మీ అత్తయ్యనా అడుగుతున్నావు? మిక్సీ కొనడానికి మూడు నెలలు తిరిగిన మనిషి. మార్చి నెలాఖరు వచ్చేస్తుంది, నీ గ్రాంటు కాస్తా మురిగిపోతుంది జాగ్రత్త!" అన్నారు.

నిజమే, తిరిగాను. తిరిగి కొన్న ఆ మిక్సీ పద్ధెనిమిదేళ్ళుగా పనిచేస్తోంది. ఆ సంగతి మాత్రం ఆయన చెప్పరు.

యూనివర్సిటీలో ముప్ఫై ఏళ్ళ పైచిలుకు జీవరసాయనశాస్త్రం చెప్పి, ల్యాబు నడిపి, కొనుగోలు కమిటీల్లో కూర్చుని కూర్చుని నడుం నొప్పి తెచ్చుకుని రిటైరైనదాన్ని. ఒకళ్ళు సామాన్ల చిట్టా చూపిస్తే ఊరుకోగలనా? కళ్ళజోడు పెట్టుకుని కూర్చున్నాను. నలభై ఆరు వస్తువులు! అన్నిటికంటే పైన డి.ఎన్.ఏ.ను వేలూ లక్షల రెట్లు పెంచే పి.సి.ఆర్. యంత్రం, ఆ కింద మైనస్ 80 డిగ్రీల డీప్ ఫ్రీజరు, సెంట్రిఫ్యూజు, లామినార్ ఫ్లో, నాలుగు దశాంశాల త్రాసు... చదువుతుంటే పెద్దింటి పెళ్ళికూతురి సారె చిట్టాలా ఉంది.

"బావుందే. మరి టెస్టుట్యూబుల స్టాండ్లేవీ? కడిగిన గాజుసామాను ఆరబెట్టేది ఎక్కడ? చేతికి తొడుగులూ, బీరువా, చెత్తడబ్బా?" అన్నాను.

"అవన్నీ చిన్నవి కదత్తయ్యా! తరవాత చూసుకోవచ్చు."

నాకు నవ్వొచ్చింది. నేను కొత్త కాపురం పెట్టినప్పుడు మొట్టమొదట కొన్నది బంగారు అంచు టీ కప్పుల సెట్టు. అట్లకాడ మర్చిపోయాను. మొదటి ఆదివారం దోసెను గరిటె వెనకభాగంతో తిప్పబోతే అది పెనానికే అంటుకుని, మా అత్తగారు చూసీ చూడనట్టు అవతలికెళ్ళిపోయారు. కొత్త ల్యాబూ అంతే. టీ కప్పులు అందరికీ గుర్తుంటాయి. అట్లకాడలే మర్చిపోతాం.

అసలు వంటింటికీ ల్యాబుకూ మధ్య ఉన్న గోడ మనం అనుకున్నంత మందమైంది కాదు. ఆటోక్లేవు అని పెద్ద పేరు పెట్టారు గానీ, అది పెద్ద ప్రెషర్ కుక్కరే. చదరపు అంగుళానికి 15 పౌన్ల అదనపు పీడనం, 121 డిగ్రీల వేడి, పదిహేను నిమిషాలు. మన కుక్కరు కూడా దాదాపు ఆ పీడనం దగ్గరే ఈల వేస్తుంది. మా డిపార్టుమెంటులో ఆటోక్లేవు చెడిపోయినప్పుడల్లా ఇంటి కుక్కరు పట్టుకెళ్ళి టెస్టుట్యూబుల్ని అందులోనే స్టెరిలైజు చేసేవాళ్ళం. ఆ కుక్కర్లో మళ్ళీ పప్పు వండనిచ్చేదాన్ని కాదనుకోండి. అలా మా ఇంట్లో మూడు కుక్కర్లు తగలడ్డాయి.

సూక్ష్మజీవుల్ని పెంచే అగర్ సంగతి వింటే మీరు మరీ ఆశ్చర్యపోతారు. 1881 ప్రాంతంలో రాబర్ట్ కాక్ దగ్గర వాల్టర్ హెస్సే అనే డాక్టరు పనిచేసేవాడు. ఆ రోజుల్లో సూక్ష్మజీవుల్ని జెలటిన్ మీద పెంచేవాళ్ళు. ఎండ కాస్త ముదిరితే జెలటిన్ కరిగి నీరైపోయేది. ఆయన తలపట్టుకు కూర్చుంటే, భార్య ఫానీ హెస్సే తను జెల్లీలకు వాడే అగర్‌తో చేసి చూడమంది. డచ్చివాళ్ళ ఏలుబడిలో ఉన్న జావాలో కొన్నాళ్ళుండి వచ్చిన పొరుగువాళ్ళ దగ్గర నేర్చుకుందట ఆ కిటుకు. మనం పుడ్డింగుల్లో వేసే చైనా గ్రాస్ కూడా ఆ జాతిదే. ఒకసారి గడ్డకట్టిందంటే 85 డిగ్రీల దాకా కరగదు. ఆనాటి నుంచి ఈనాటి దాకా ప్రపంచంలోని ల్యాబులన్నీ ఆ అగర్ మీదే నడుస్తున్నాయి. 1882లో కాక్‌గారు క్షయ సూక్ష్మజీవి గురించి రాసిన పత్రంలో అగర్ ప్రస్తావన ఉంది గానీ, ఫానీ పేరు లేదు. వంటింట్లోంచి వచ్చిన సలహాకు రసీదు ఇచ్చే అలవాటు అప్పుడూ లేదన్నమాట!

మావారు మళ్ళీ అందుకున్నారు. "జర్మనీలో ఎవరో అమ్మాయి వంటింట్లో గిన్నె పెట్టుకునే పరిశోధన చేసిందన్నావుగా? మరి ఈ పిల్లకి నలభై ఆరు సామాన్లెందుకు?"

ఆయన చెప్పింది ఆగ్నెస్ పోకెల్స్ గురించి. నీటి పైపొర బిగువును రేకు తొట్టెలో కొలిచి, 1891లో రేలీ ప్రభువుకు ఉత్తరం రాస్తే ఆయన దాన్ని నేచర్ పత్రికకు పంపి అచ్చువేయించాడు. నిజమే గానీ, ఆవిడకు కాలేజీలోకి ప్రవేశం దొరకలేదు, ల్యాబు దొరకలేదు. గత్యంతరం లేక వంటిల్లు. దాన్ని ఆదర్శమని చెప్పి మా పిల్ల చేతికి రేకు తొట్టె ఇస్తామా? ఆ మాటే అంటే ఆయన పేపరు పైకెత్తేశారు.

సరే, చిట్టాలోకి వద్దాం. లామినార్ ఫ్లో దగ్గర ఆగాను. "నువ్వేం పెంచుతావే అందులో?" అని అడిగాను. రోగాలు తెచ్చే బాక్టీరియా అంది. గుండె గుభేలుమంది. అడ్డంగా గాలి వీచే లామినార్ ఫ్లోలో శుభ్రమైన గాలి వెనకనుంచి వచ్చి మన మొహంమీదికి కొడుతుంది. లోపలున్న మొక్క కణజాలానికి అది రక్షణే. కానీ అందులో రోగక్రిమి ఉంటే తిన్నగా మన ముక్కులోకే. దానికి కావలసింది బయోసేఫ్టీ కాబినెట్. ఆసిడ్లూ, ఘాటైన ద్రావకాలూ అయితే అదీ కాదు, పొగను బయటికి లాగేసే ఫ్యూమ్ హుడ్ కావాలి. మూడూ అద్దం తలుపున్న పెట్టెల్లాగే కనిపిస్తాయి. బజార్లో గిన్నెలన్నీ ఒకేలా మెరుస్తాయి, చింతపండు పులుసు పోశాకే ఏది కళాయిదో తెలిసేది.

తరవాత సెంట్రిఫ్యూజు. "నిమిషానికి పదిహేనువేల చుట్లు" అని రాసింది. నేనూ ఒకప్పుడు అలాగే రాశాను. టెండరు పిలిచారు. అందరికంటే తక్కువ ధర రాసినవాడికి ఆర్డరు వెళ్ళింది. పెద్ద చెక్కపెట్టె వచ్చింది. కొబ్బరికాయ కొట్టి తెరిచి చూద్దుం కదా, లోపల ట్యూబులు పెట్టే రోటర్ లేదు! ఫోను చేస్తే, "మేడమ్, మీరు రోటర్ అడగలేదుగా" అన్నాడు అమ్మినాయన ఎంతో వినయంగా. మిక్సీ ఇచ్చి, జార్లు మీరే తెచ్చుకోండన్నట్టు. ఆ రోటర్ కొనడానికి మళ్ళీ కాగితాలు కదిలి, సంతకాలు పడి, వస్తువు చేతికొచ్చేసరికి తొమ్మిది నెలలు. ఈలోగా ఆ యంత్రం మీద మా అటెండరు క్యాలెండరు ఆనించి పెట్టుకునేవాడు. అదీగాక, చుట్లు ఎన్నని కాదు రాయవలసింది. ట్యూబుమీద పడే బలం భూమ్యాకర్షణకు ఎన్ని రెట్లని రాయాలి. రోటర్ చిన్నదైతే అన్నే చుట్లు తిరిగినా బలం తక్కువే.

ప్రభుత్వపు సొమ్ముతో కొనేటప్పుడు ఫలానా కంపెనీదే కావాలని మామూలుగా రాయకూడదు. ఏం గుణాలు కావాలో రాయాలి. ఆ గుణాలకు సరిపోయినవాళ్ళలో తక్కువ ధరవాడికి ఇవ్వాలి. అన్యాయమేం కాదు, పదిమంది సొమ్ము మరి. అయితే గుణాలు రాయడమన్నది పెళ్ళిచూపుల్లో ప్రశ్నలు అడగడం లాంటిది. అడగని ప్రశ్నకు జవాబు కాపురానికెళ్ళాకే తెలుస్తుంది. రోటర్ ఉందా, ప్లగ్గు మన సాకెట్లో పడుతుందా, మనిషి వచ్చి బిగించి నేర్పిస్తాడా, గ్యారంటీ ఎన్నేళ్ళు, ఆ తరవాత ఏడాదికి మరమ్మతు ఒప్పందం ఎంత, విడిభాగాలు ఎన్నేళ్ళు దొరుకుతాయి... ఇవన్నీ ముందే అడగాలి. తలుపు వెడల్పు కూడా కొలుచుకోవాలి. నవ్వకండి, ఒక పెద్ద ఇంక్యుబేటరు మా వరండాలో వర్షాకాలమంతా గోనెపట్టా కప్పుకుని కూర్చుంది. కిటికీ చువ్వలు కోయిస్తే గానీ లోపలికి రాలేదు.

"మరి ఏ కంపెనీ మంచిదో ఎలా తెలుస్తుంది?" అంది మా పిల్ల.

మిక్సీ ఏది మంచిదని మనం కొట్టువాణ్ణి అడుగుతామా? పక్కింటావిణ్ణి అడుగుతాం. అలాగే మీ ఊళ్ళో ఆ యంత్రం వాడుతున్నవాళ్ళింటికి, అదే, ల్యాబుకు వెళ్ళి చూడు. ప్రొఫెసరుగారు, "అద్భుతంగా ఉంది" అంటారు. ఆయన దాన్ని ముట్టుకుని నాలుగేళ్ళయి ఉంటుంది. ఆయన్ని వదిలేసి, రోజూ దానిమీద పనిచేసే పరిశోధక విద్యార్థినీ, అటెండర్నీ అడుగు. చెడిపోతే మెకానిక్కు హైదరాబాదు నుంచి వస్తాడా, బెంగుళూరు నుంచి రావాలా, వస్తానన్న రోజున వస్తాడా అన్నది వాళ్ళకే తెలుసు. పనిలో పనిగా, మీ డిపార్టుమెంటులో ఇప్పటికే ఏమేం ఉన్నాయో చూసుకో. మజ్జిగ తోడుకోసం ఎవరూ గేదెను కొనరు.

ఆ మాటతో ఆటోక్లేవు చిట్టాలోంచి పోయింది. పక్క ల్యాబులో మంచిది ఉందట, అడిగితే ఇస్తారట.

త్రాసు దగ్గర కాసేపు వాదించుకున్నాం. గ్రాములో పదివేలవ వంతు తూచేది కావాలంది, సరే. అది పెట్టే చోటేది? ఫ్యాను కింద పెడితే అంకెలు గాలికి ఊగుతూనే ఉంటాయి. పక్కన తలుపు ధడాలున వేసినా ఊగుతాయి. కదలని రాతిబల్ల కావాలి. రాతిబల్ల చిట్టాలో లేదు, చేర్చాం. పీహెచ్ మీటరుకు గాజు ఎలక్ట్రోడ్ ఒకటి అదనంగా చేర్చాం. అది దీపంలో వత్తిలాంటిది, వాడుతుంటే అయిపోతుంది. దాన్ని ఎండనివ్వకూడదు. అలాగని డిస్టిల్డ్ వాటర్లో నానబెట్టకూడదు కూడా, పొటాషియం క్లోరైడ్ ద్రావణంలో ఉంచాలి. ఎంతమంది పిల్లలు శుభ్రం పేరుతో మంచినీళ్ళలో పెట్టి ఎన్ని ఎలక్ట్రోడ్లను చంపారో లెక్కలేదు.

మైక్రోపిపెట్లు మాత్రం మంచివే కొనమన్నాను. అక్కడ పొదుపు వద్దు. మేం చదువుకునే రోజుల్లో గాజు పిపెట్‌ను నోటితో పీల్చేవాళ్ళం. మైక్రోపిపెట్‌ను జర్మనీలో ష్నిట్గర్ అనే ఆయన 1957లోనే కనిపెట్టినా, మా దాకా రావడానికి ఓ తరం పట్టింది. ఆ లోపల నేను రుచి చూడని ద్రావణం లేదు. మంచి పిపెట్ కొన్నా దానిమీద గుడ్డి నమ్మకం పనికిరాదు. ఓ మిల్లీలీటరు నీళ్ళు తీసి తూచితే కాస్త అటూ ఇటుగా గ్రాము ఉండాలి. నెలకోసారి అలా చూసుకోవాలి. పాలవాడి కొలతను చూసుకోమూ?

రసాయనాల్లోనూ రకాలున్నాయి. మామూలు ల్యాబు రకం, అంతకంటే శుద్ధమైన ఎనలిటికల్ రకం, ఆపైన ఇంకా ఖరీదైనవి. దీపారాధన నూనెతో పోపు పెట్టకూడదు, నిజమే. కానీ నెయ్యితో ఇంటి దీపాలన్నీ వెలిగించక్కర్లేదు కదా. గాజుసామాను నానబెట్టే ఆసిడ్ మామూలుది చాలు. కడగడం అంటే గుర్తొచ్చింది. మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారు, ఫిస్క్ గారితో కలిసి ఫాస్ఫరస్‌ను కొలిచే పద్ధతి ఒకటి 1925లో కనిపెట్టారు. బయోకెమిస్ట్రీ చదివిన ప్రతి పిల్లా చేసే ప్రయోగమది. ఫాస్ఫరస్ ఎంత ఎక్కువుంటే నీలిరంగు అంత చిక్కగా వస్తుంది. ఒక ఏడాది మా క్లాసులో అందరి ట్యూబులూ నీలిమందులా తయారయ్యాయి, మంచినీళ్ళ ట్యూబుతో సహా! ఆరా తీస్తే, కొత్త అటెండరు భక్తిగా బట్టల సబ్బుపొడితో తోమాడు. ఆ పొడిలో ఉన్నది ఫాస్ఫేట్. అప్పటినుంచి ఏ చిట్టా చూసినా మొదట సబ్బెక్కడని వెతుకుతాను.

ఫ్రిజ్ కూడా అంతే. ఇంటికి కొన్నట్టు ఫ్రాస్ట్ ఫ్రీది కొంటానంది. మనకది వరం, ఎంజైములకు శాపం. మంచు పేరుకోకుండా ఉండాలని మధ్యమధ్య ఫ్రీజరులో వేడి పుట్టించుకుంటుందది. మన ఐస్‌క్రీముకు ఏమీ కాదు. కానీ మైనస్ 20లో కదలకుండా ఉండాల్సిన ఎంజైముకు, రోజూ నిద్రలేపి మళ్ళీ పడుకోబెట్టినట్టుంటుంది. నెల తిరక్కుండా నీరసించిపోతుంది. కాబట్టి చేత్తో మంచు గీక్కునే పాతరకం ఫ్రీజరే కొనుక్కోమన్నాను. ఈథర్ లాంటివి ఇంటి ఫ్రిజ్‌లో పెట్టడం అసలే వద్దు. లోపలి స్విచ్చు నిప్పురవ్వ చాలు, తలుపు ఎగిరి ఎదురుగోడకు తగలడానికి.

పెద్ద సీసా చవకని పెద్ద సీసాలే కొనేదాని వరస చూసి అదీ మాన్పించాను. విదేశంనుంచి వచ్చే సరుకు పండగలకు ముందు తెప్పించుకోకూడదని చెప్పాను. మైనస్ 78 డిగ్రీల డ్రై ఐస్‌లో పెట్టి పంపుతారు, అది కరగదు, ఆవిరైపోతుంది. నాలుగు రోజుల వరస సెలవుల్లో కస్టమ్స్‌లో కూర్చున్న మా పార్సిలొకటి, వచ్చేసరికి గోరువెచ్చగా ఉంది.

ఇలా కొన్ని కొట్టేసి, కొన్ని చేర్చి, మధ్యలో రెండుసార్లు కాఫీలు తాగి, చివరికి మొత్తం వేసింది మా పిల్ల. ఇచ్చిన గ్రాంటుకంటే అరవై వేలు ఎక్కువ తేలింది. కాసేపు పైకీ కిందికీ చూసి, "అత్తయ్యా, నువ్వు చేర్పించిన ఈ స్టెబిలైజరూ, ఫ్రీజరు అలారమూ తీసేస్తే సరిపోతుంది. మా క్యాంపస్‌లో కరెంటు బాగానే ఉంటుందట. వచ్చే ఏడాది చూద్దాం" అంది.

"వద్దు!" అన్నాను.

నేననుకున్నదానికంటే గట్టిగా వచ్చింది ఆ మాట. మావారు పేపరు మడిచి పక్కన పెట్టేశారు. ఆయనకూ తెలియదు నేను చెప్పబోయేది.

అది 2001 సంగతి. అంతకు కొన్నేళ్ళ ముందు, 1994 ప్రాంతంలో, మన కోస్తాలో రొయ్యల చెరువులకు తెల్లమచ్చల తెగులు తగిలి ఎన్నో కుటుంబాలు దివాళా తీశాయి. మీలో కొందరికి ఆ రోజులు గుర్తుండే ఉంటాయి. మా దగ్గర పిహెచ్.డి.కి చేరిన ఓ అమ్మాయి వాళ్ళ నాన్నదీ అలా మునిగిన చెరువే. ఆ పిల్ల పట్టుబట్టి ఆ విషయమే తీసుకుంది. రొయ్యల రక్తంలో రోగాన్ని ఎదిరించే ఎంజైములు ఏ కాలంలో ఎలా ఉంటాయి, తెగులుకు ముందు ఏమవుతాయి అని. మూడేళ్ళ పాటు తెల్లవారుజామున బస్సెక్కి చెరువుగట్లమీద తిరిగి, ఐసుపెట్టెలో చిన్న చిన్న ట్యూబులు మోసుకొచ్చేది. నాలుగు వందల పైచిలుకు ట్యూబులు. ఒక్కోదానిమీద చెరువు పేరూ తేదీ, ముత్యాల్లాంటి అక్షరాలతో.

వాటికోసమే మైనస్ 80 ఫ్రీజరు కొన్నాం. గ్రాంటు మార్చి 31లోగా ఖర్చు చెయ్యాలి. అప్పటికి మిగిలింది పదకొండు రోజులు. ఫ్రీజరూ, స్టెబిలైజరూ, అలారమూ కలిపితే మంజూరైన దానికి పద్ధెనిమిది వేలు ఎక్కువైంది. నేను కలం తీసి ఆ రెండు వరసలూ కొట్టేశాను. వచ్చే ఏడాది చూద్దామనుకున్నాను. ఏనుగును కొని అంకుశం దగ్గర చెయ్యి వెనక్కి తీసుకున్నాను.

తరవాత ఏడాది ఆ పద్దు కింద డబ్బు రాలేదు. మే నెల వచ్చింది. మా ఊళ్ళో మే నెల కరెంటు ఎలా ఉండేదో వేరే చెప్పాలా? ఫ్యాను తిరుగుతోందో లేదో చెయ్యిపెట్టి చూసుకోవాలి. అలాంటి తక్కువ ఓల్టేజీలో కంప్రెసరు లేవలేక లేవలేక వేడెక్కి కాలిపోతుంది. ఈ ఫ్రీజరుకు రెండు కంప్రెసర్లుంటాయి, ఒకటి రెండోదాన్ని చల్లబరుస్తుంది. ఒకటి పోతే రెండోది ఉండీ లేనట్టే. రెండో శనివారం, ఆదివారం సెలవు. శుక్రవారం సాయంత్రం తాళం వేశాం. అలారం లేదు కనక అది ఎప్పుడు ఆగిందో ఎవరికీ తెలీదు. సోమవారం పొద్దున ఆ పిల్లే ముందుగా వచ్చింది. నేను వెళ్ళేసరికి ఫ్రీజరు తలుపు తీసి ఉంది, నేలంతా నీళ్ళు. ఆ నీళ్ళలోనే కూర్చుని ట్యూబులు ఒక్కొక్కటే తీసి స్టాండులో వరసగా పెడుతోంది. వాటివల్ల ఇక ఉపయోగం లేదని ఇద్దరికీ తెలుసు. అయినా నేను కూడా కూర్చుని పెట్టాను.

చెరువులకు మళ్ళీ వెళ్ళొచ్చు. గడిచిపోయిన మూడేళ్ళ కాలం ఆ చెరువుల్లో ఉండదు కదా. స్కాలర్‌షిప్పు గడువు అయిపోవచ్చింది, ఇంట్లో అప్పులు. ఆ పిల్ల పిహెచ్.డి. వదిలేసి, సొంత ఊరి దగ్గర జూనియర్ కాలేజీలో లెక్చరరుగా చేరింది. నేను పైవాళ్ళకు రాసిన నివేదికలో "విద్యుత్ అంతరాయాల వల్ల" అని రాశాను. అబద్ధం కాదు. డిపార్టుమెంటంతా కరెంటువాళ్ళను తిట్టిపోసింది. నేనూ తిట్టాను. ఆ కొట్టేసిన రెండు వరసల సంగతి మాత్రం ఎవరికీ చెప్పలేదు.

మా మేనకోడలు చాలాసేపు మాట్లాడలేదు. తరవాత లాప్‌టాపు దగ్గరికి లాక్కుని, పైనున్న పి.సి.ఆర్. యంత్రాన్ని చిన్నరకానికి మార్చింది. అక్కడ డెబ్బై వేలు తగ్గాయి. స్టెబిలైజరునూ, అలారంనూ ఫ్రీజరుతో ఒకే వస్తువుగా కలిపి ఒకే నంబరు కింద రాసింది, ఆఫీసువాళ్ళు విడదీసి కొట్టెయ్యడానికి వీల్లేకుండా. నాకు ఆ రోజు తట్టలేదు ఆ ఉపాయం. గ్లాసులో నీళ్ళు గడ్డకట్టించి, పైన ఓ రూపాయి బిళ్ళ పెట్టి ఫ్రీజరులో ఉంచుకోమని కూడా చెప్పాను. బిళ్ళ అడుగున కనిపిస్తే మనం లేనప్పుడు మంచు కరిగి మళ్ళీ గడ్డకట్టిందన్నమాట. ఊరెళ్ళేటప్పుడు ఇంట్లోనూ పెట్టుకోవచ్చు.

ఆ అమ్మాయి, అమ్మాయేమిటి, తనకీ కాలేజీకెళ్ళే కొడుకున్నాడిప్పుడు, ప్రతి ఏడూ వేసవి చివర్లో నాకు ఓ జాడీ ఆవకాయ పంపుతుంది. ప్రతి ఏడూ ఫోను చేసి, "అందిందమ్మా, చాలా బావుంది" అని పెట్టేస్తాను. ఈ ఏడు జాడీ వచ్చాక ఫోను చేసి, అందిందని చెప్పి, ఇంక ఆగలేక ఆ రెండు వరసల సంగతి చెప్పేశాను. తొందర తొందరగా, మధ్యలో ఆపకుండా.

అవతల కాసేపు ఏమీ వినిపించలేదు. తరవాత, "ఆ ఇండెంటు టైపు చేసింది నేనే కదా మేడమ్" అంది. "మొదటిసారి టైపు చేసినప్పుడు స్టెబిలైజరు ఉంది. మీరు కొట్టేసి ఇచ్చాక రెండోసారీ నేనే టైపు చేశాను. ఎందుకు తీసేశారని అప్పుడే అడుగుదామనుకున్నాను. మీరు కంగారులో ఉన్నారని అడగలేదు. అడగాల్సింది."

ఏం చెప్పాలో నాకు తోచలేదు. తనే మళ్ళీ, "ఈసారి ఆవపిండి కాస్త ఘాటుగా ఉంది మేడమ్. ఇంకో వారం ఊరనిచ్చి తీయండి" అంది.

అలాగే అన్నాను. జాడీకి వాసెన కట్టి అలమరలో పెట్టాను.